సున్నం వేలు తుడిచిన కంబం

మా దుకాణం ముందున్న టేకు కంబానికి ఎవరూ రంగు వేయలేదు. అయినా అది ఎర్రగా ఉండేది.

ఆర్మూరు మార్కెట్‌కు పసుపు తెచ్చే రైతులు, కొనే సేట్లు, బస్తాలు మోసే హమాలీలు అందరూ మా అరుగు మీద కూర్చునే ఆకు వేసుకునేవారు. మాది గోనె సంచులు, తాళ్లు, పరదాలు అమ్మే దుకాణం. పసుపుతో పని ఉన్న ప్రతి మనిషికీ మాతో ఏదో ఒక పని పడుతుంది. ఆకుకు సున్నం రాసిన వేలు ఎక్కడో ఒకచోట తుడవాలి. ధోతికి తుడిస్తే ఇంట్లో ఆడవాళ్లు తిడతారు, గోడకు తుడిస్తే మా నాన్న తిడతాడు. కంబం ఎవరినీ తిట్టదు. పైగా చేతికి అందే ఎత్తులో ఉంది. ఆ వేళ్లకు అప్పటికే మార్కెట్ పసుపు పట్టి ఉండేది. పసుపు, సున్నం కలిస్తే ఏ రంగు వస్తుందో బొట్టు పెట్టుకునే ఏ ఆడదానికీ చెప్పనక్కర్లేదు. నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా కంబం పారాణి పూసినట్టు ఉండేది. మోకాలి కింద మాత్రం వేరే రంగు. అది ఉమ్మిన రంగు.

ఒకసారి నందిపేట్ ఆటో దిగిన ముసలామె ఆ కంబాన్ని తాకి కళ్లకద్దుకుంది. "ఏ తల్లి బిడ్డా ఈడ ఎలసింది?" అని అడిగింది. నేను అప్పుడు పరదా కొలుస్తున్నాను. ఏమని చెప్పను? ఆమె వేళ్లు అప్పటికే కళ్ల దాకా వెళ్లి వచ్చేశాయి. "మొక్కుకో అవ్వా, ఏ తల్లైతేంది" అన్నాను. ఆ పూటంతా నాకు అన్నం సయించలేదు.

దీపావళికి దుకాణంలో లక్ష్మీపూజ. ముందు రోజు ఆ కంబం కడిగే పని నాదే. కిరసనాయిలులో ముంచిన కొబ్బరి పీచు, పాత బ్లేడు, బకెట్టు నీళ్లు. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చేది. దాని కింద ఇంకో పొర. ఏ పొర ఏ సేటుదో, ఏ పటేలుదో. మధ్యలో తంబాకు పీచు అతుక్కుని ఉండేది. నీళ్లు తగిలాక ఆ కర్ర నుంచి ఒక వాసన లేచేది. లవంగం, కాచు, తంబాకు, ఎవరో ఒకరి నోరు. పూజలో పెట్టిన లడ్డూ చేతిలోకి తీసుకుంటే నా వేళ్లకు అదే వాసన. మా నాన్న మాత్రం "మస్తు మెరుస్తుంది చూడు" అని మెచ్చుకునేవాడు. నాకు తెలిసి ఆయన వంక పెట్టకుండా మెచ్చుకున్న వస్తువు అదొక్కటే.

ఎందుకంటే మా ఇంట్లో అక్షరాలకంటే ముందు నేర్పింది వంక పెట్టడం. నచ్చిన వస్తువు వైపు చూడకూడదు, దాని పక్కదాన్ని చూడాలి. చేతికి ఇవ్వగానే ఏదో ఒక లోపం చెప్పాలి. అమ్మేవాడికి కూడా ఈ సంగతి తెలుసు. బాగుంది, బాగుంది అన్నవాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోతాడు. ముక్కు చిట్లించి వంకలు తీసినవాడే కొంటాడు. ఈ చదువు నాకు ఎంత బాగా ఒంటబట్టిందంటే, మా అబ్బాయికి పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు వాళ్లిచ్చిన చాయ్‌లో అల్లం ఎక్కువైందన్నాను. వాళ్లది కూడా దుకాణాల ఇల్లే. సంబంధం కుదిరినట్టే అనుకుని, లోపలికి వెళ్లి చుట్టాలందరికీ ఫోన్లు చేశారు. కుదిరింది కూడా.

మా నాన్న పోయాక దుకాణం నా చేతికి వచ్చింది. ఈ మధ్య రోడ్డు పక్క మురుగు మోరీలు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది, పైకప్పు పోయింది. నేను రేకులు, ఇనుప గొట్టాలు వేయించుకున్నాను. కంబం దుకాణం వెనక గోడవారన పడి ఉంది. దాన్ని చూసి నాకు ఏ కన్నీళ్లూ రాలేదు. పీడ పోయిందనుకున్నాను. కానీ అది టేకు. ఊరికే పారేస్తే మా వంశంలో పుట్టిన ప్రతివాడూ కలలోకి వచ్చి అడుగుతాడు. పొయ్యిలోకి పనికిరాదు, కాలిస్తే ఆ వాసన ఇల్లంతా తిరుగుతుంది. ఎవరికైనా అమ్ముదామంటే చూసినవాడల్లా ముక్కు మూసుకున్నాడు. నిజంగానే మూసుకున్నాడు, బేరానికి కాదు.

అలాంటి సమయంలో లేతు మిషన్ అన్న వచ్చాడు.

అతని కొట్టు బస్టాండ్ వెనక సందులో. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, ఊయల కంబాలు, మెట్ల పక్కన నిలబెట్టే కర్రలు లేతు మీద తిప్పి చేస్తాడు. నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం మంచిది. నోట్లో ఎప్పుడూ ఆకు ఉంటుంది. నేను అతని దగ్గర కొన్న ప్రతి చపాతీ కర్రకూ వంక పెట్టాను. అతను ప్రతిసారీ నన్ను తిట్టుకుంటూనే ఇచ్చాడు. మా ఇద్దరి మధ్య స్నేహం అంటే అంతే.

"చెల్లె, నీ దగ్గర పాత టేకు కంబం ఉందట గద" అన్నాడు.

"ఉంటే?"

"నాకియ్యి."

"ఊకెనే ఇయ్యనీకి నేనేమన్న నీ మేనత్తనా?"

అతను గోనె సంచుల కట్ట మీద కూర్చుని అసలు సంగతి చెప్పాడు. ఇనుప మంచాలు వచ్చాక కోళ్లు కొనేవాడు లేడు. చపాతీ కర్రలు ఫ్యాక్టరీవి వస్తున్నాయి. మెట్లకు అందరూ స్టీలు గొట్టాలే పెట్టుకుంటున్నారు. పాత సామానువాడు వచ్చి లేతును అటు తట్టి ఇటు తట్టి చూసి వెళ్లాడు. ఇనుము బరువుకు కొంటాడట. అది పోతే తను ప్లైవుడ్ దుకాణంలో పలకలు మోయాలి. ఒక్క దారి మిగిలింది. జక్రాన్‌పల్లి వెళ్లే హైవే పక్కన కొత్తగా ఫంక్షన్ హాలు కట్టిన సేటు, స్టేజీకి అటూ ఇటూ, దారి పొడవునా కర్రతో చేసిన పూలకూజాలు పెట్టాలనుకుంటున్నాడు. ఫోన్‌లో బొమ్మలు చూపించాడట. ముందు ఒకటి చేసి తెమ్మన్నాడట.

"గా ఆర్డరు దొరికితె మిషన్ ఉంటది. దొరకకుంటె పాత సామానోడు ఆటో తెస్తడు. పచ్చి కర్ర మీద చేస్తె పగుల్తది, ఇజ్జత్ పోతది. నీ కంబం మంచిగ ఎండింది. ఇంకో మాట. సేటుతోని మాట్లాడనీకి నువ్వు నాతోని రావాలె."

"నేనెందుకు?"

"నాకు మాట్లాడరాదు. నువ్వు ఊరందర్ని ఏడిపిచ్చుకుంట కొంటవ్. ఒక్కసారి నా దిక్కు నిలవడి మాట్లాడు."

నాకు లోపల ఉబ్బిపోయింది. బయటికి మాత్రం ముఖం ముడుచుకునే ఉంచాను. కర్ర నేనిస్తాను, మాట సాయానికి నేనే వస్తాను, మాదిరికి చేసిన ఆ కూజా మాత్రం చివరికి నాదే అన్నాను. అతను కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. నేను చేసింది ఎంత గొప్ప బేరమో చూడండి. ఎవరూ ముట్టని ఉమ్మి కంబాన్ని వదిలించుకుని, దాన్నే తిరిగి ఇంటికి తెచ్చుకునే హక్కు సంపాదించుకున్నాను.

మర్నాడు అతని కొట్టుకు వెళ్లాను. నా కర్రను ఏం చేస్తాడో కళ్లారా చూడకపోతే నాకు నిద్ర పట్టదు. కంబం రెండు పట్టెల మీద పడుకోబెట్టి ఉంది. రంపం ఎక్కడ పెట్టబోతున్నాడో చూశాను. సరిగ్గా ఎర్రటి భాగం.

"అన్నా, పైది తీస్కో. గది వద్దు."

"పైన దూలం కూసున్న బెజ్జాలున్నయ్. కింద చెద తిన్నది. మిగిలింది గీ నడుమ ముక్కనే."

ముక్క కోశాడు. అంచు నుంచి ఉలితో చిన్న పెచ్చు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"అన్నా, ఉమ్మెయ్. దానికి ఊరందరి సున్నం, తంబాకు, ఎంగిలి పట్టింది. నేను కడిగిన, నాకెరుక."

అతను పెచ్చును ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పాడు. "కర్ర ఎండిందా లేదా నాలుకకే తెలుస్తది. పచ్చిదైతె నాలుకకు అంటుకోదు. గిది మంచిగ అంటుకున్నది."

"ఉమ్మెయ్ అంటున్న."

"ఉమ్ముత తియ్, ఏమైతది. నేను గూడ ఆకు తినేటోన్నే గద."

ఉమ్మాడు. పొద్దుటి నుంచి ఉమ్ముతున్న కర్రపొట్టు కుప్ప మీదే ఉమ్మాడు. నేను కూర్చున్న పీట ఆ కుప్పకు జానెడు దూరంలో ఉంది. పీటను వెనక్కి లాక్కున్నాను. వెనక ఇంకో కుప్ప ఉంది.

ముక్కను లేతు రెండు మొనల మధ్య బిగించి మోటారు నొక్కాడు. నలుపలకల కర్ర గాలిని కొడుతూ తిరుగుతుంటే కొట్టంతా వణికింది. ఉలి ఆనించగానే మొదట తటతటమని చప్పుడు. మూలలు తెగే కొద్దీ ఆ చప్పుడు మెత్తబడింది. పెచ్చులు వానలా పడ్డాయి. ఎర్రటివి, తెల్లటివి, కాచు రంగువి. పొడి లేచి నా చీర మీద, కనుబొమల మీద, పెదాల మీద పడింది. నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చాను. అదే తప్పు. ఉలి వేడికి కర్ర లోపలి వాసన బయటికి వచ్చింది. అదే లవంగం, అదే తంబాకు, అదే నోరు. దీపావళి ముందు రోజు బకెట్టు ముందు కూర్చున్నట్టయింది. ఈ వాసనకు మనసు కరగాలని కొందరు అంటారేమో. నాకు కరగలేదు. వాంతి వచ్చినంత పనైంది.

ఒక్కసారి ఉలి కిర్రుమని నిప్పురవ్వ లేచింది. మోటారు ఆపి చూస్తే కర్రలో ఇనుప మేకు. మా నాన్న క్యాలెండరు తగిలించిన మేకే కావచ్చు. ఉలి పదును విరిగింది. లేతు అన్న మా నాన్నను, నన్ను, క్యాలెండరు పంచిన సేటును వరసగా తిట్టి, మేకు పీకి నా చేతిలో పెట్టాడు. "నీదే గద. తీస్కపో, దాచుకో." తీసుకున్నాను. వంకర మేకునైనా వదలను కదా నేను.

మధ్యాహ్నానికి కూజా ఆకారం వచ్చింది. సన్నటి మెడ, కొంచెం విచ్చుకున్న మూతి, నిండు పొట్ట, కింద మళ్లీ నడుము. నలుపలకల కర్రను గుండ్రంగా తిప్పితే మూలలు పోతాయి గానీ పలకల నడిమి చర్మం కొంత మిగిలిపోతుంది. పొట్ట అన్నిటికంటే లావు చోటు కాబట్టి అక్కడ ఉలి ఎక్కువ లోతుకు వెళ్లలేదు. అందుకని పొట్ట చుట్టూ, ఒక్కో పలకకు ఒకటి చొప్పున, పెద్ద ఎర్ర మచ్చలు మిగిలాయి. తామర రేకుల్లా ఉన్నాయని నేనే ఒప్పుకోవాలి. కర్ర నెర్రెల్లోకి దిగిన ఎరుపు ఆ రేకుల్లో ఈనెల్లా కనిపించింది.

"గవి తీసెయ్ అన్నా. ఇంకొక్కసారి ఉలి ఆనిస్తె పోతయ్."

"పిచ్చా నీకు? గదే అందం."

"గది ఎంగిలి."

"చెల్లె, పాలిష్ ఏసినంక ఎంగిలి లేదు, ఏం లేదు. చూసెటోని కండ్లకు ఎరుపు గంతే. నువ్వు నోరు మూసుకుంటె ఎవనికి ఎరుక?"

అమ్మేవాడి మాట అది. నేను నా జీవితమంతా విన్న మాట, అన్న మాట కూడా.

తర్వాత లోపల తొలవడం. దీని గురించి అతనికి ఎంత గర్వమో చెప్పలేను. కూజా అడుగును ఇనుప బిళ్లకు మరలతో బిగించి, మూతి వైపు మొన తీసేశాడు. సన్నటి పొడుగు ఉలిని ఆ ఇరుకు మూతిలోంచి లోపలికి పంపాడు. ఉలి కొస ఎక్కడుందో కనపడదు. అతను తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని, చప్పుడు వింటూ తొలిచాడు. గోడ పలచబడే కొద్దీ గొంతు మారుతుందట.

"గిట్ల ఇరుకు మూతిల నుంచి తొలిచెటోడు జిల్లల ఇంకొకడుంటె చూపియ్యి. బయట తిప్పుడు ఎవడైన తిప్పుతడు. లోపల బోలు చేసుడే లేతు పని. బోలు లేనిది మంచం కోడు."

లోపలి పొట్టును కర్ర కొక్కెంతో లాగి, మూతిలో ఊది చూశాడు. శంఖంలా మోగింది. ఆ ఊదిన నోట్లో ఆకు ఉందన్న సంగతి నేను మరచిపోలేదు. చివరికి తిరుగుతున్న కూజాకే లక్క పాలిష్‌లో ముంచిన గుడ్డ ఆనించాడు. ఎరుపు ఒక్కసారి తేలింది. అంత అసహ్యమైనది అంత అందంగా ఉంటే ఎటు చూడాలో నాకు తెలియలేదు.

రెండు రోజులు ఆరాక, గోనె సంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని అతనితో కలిసి ఆటో ఎక్కాను. దారంతా అతను ఒక్క మాటే చెప్పాడు. "మంచిగ చెప్పు చెల్లె. మంచిగ చెప్పు."

ఆ ఫంక్షన్ హాలు గురించి ఏం చెప్పను. ముందు రోజు పెళ్లి జరిగినట్టుంది. తలుపు తీయగానే పాచిపోయిన పెరుగు వాసన, పూల కుళ్లు వాసన, ఫినాయిల్ వాసన కలిసి కొట్టాయి. థర్మోకోల్ ఏనుగులు, బంగారు రంగు పెచ్చులూడుతున్న సింహాసనాలు. దారికి అటూ ఇటూ ఫైబర్‌తో చేసిన పెద్ద కూజాలు, వాటిలో దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పూలు. కార్పెట్ మీద నడుస్తుంటే చెప్పులు అంటుకుని చప్పుడు చేస్తూ ఊడుతున్నాయి. దేనికి అంటుకున్నాయో నేను కిందికి చూడలేదు.

సేటు అంతకు ముందు ఎరువుల వ్యాపారి. నన్ను దుకాణం దగ్గర చాలాసార్లు చూసినవాడే. లేతు అన్న సంచి విప్పి కూజాను బల్ల మీద పెట్టాడు. పెట్టి నా వైపు చూశాడు.

ఇప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే పని. బాగుంది అని చెప్పాలి. పాత టేకు, పగలదు, ఇంత నున్నటి పని ఎక్కడా దొరకదు అని చెప్పాలి. దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాటలే. కానీ నా చెయ్యి ముందే వెళ్లి కూజాను అందుకుంది. తిప్పి చూసింది. చేతిలోకి వస్తువు రాగానే నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"మూతి జర ఇరుకైంది" అన్నాను. "పొట్ట ఒక దిక్కు దిగినట్టుంది. గీ ఎరుపు అన్ని దిక్కుల సమానం లేదు. పాత కర్ర, ఎప్పుడు పగుల్తదో చెప్పలేం."

లేతు అన్న నోట్లో నమలడం ఆగిపోయింది.

నా మాట నాకే వినిపించేసరికి ఆలస్యమైంది. వెనక్కి తీసుకుందామంటే ఆ విద్య మాకు ఎవరూ నేర్పలేదు. పాత సామానువాడి ఆటో కళ్ల ముందు కనబడింది. కూజాను అక్కడే పడేసి బయటికి వెళ్లి వాంతి చేసుకుందామనిపించింది. నా నోరు నాకు అంత రోతగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ కంబం మీద ఉమ్మినవాళ్లు కూడా నా కంటే నయం, ఆకు వేసుకున్నప్పుడే ఉమ్మారు.

సేటు కళ్లు చిన్నవి చేసి నన్ను చూశాడు. "నీకెన్ని గావాలె అక్కా?"

"నాకా?"

"మరి గన్ని వంకలెందుకు పెడ్తున్నవ్? నీకు గాదు, ఎవరి తరఫునో వచ్చినవ్. వేల్పూర్ దిక్కు కొత్త హాలు కడ్తున్నోనికే గద?"

అప్పుడు అర్థమైంది. ఎరువులమ్మినా, పెళ్లిళ్ల హాలు కట్టినా అతను కూడా మా చదువే చదివాడు. వంక పెట్టినవాళ్లే కొంటారని అతనికీ ఎవరో చిన్నప్పుడే నేర్పారు. నేను తల వంచుకుని కూజాను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "గవన్నీ నేను చెప్పరాదు సేటు" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో.

అతను కూజాను నా చేతిలోంచి లాక్కున్నాడు. వెలుతురులో తిప్పాడు. ఎరుపు మీద బొటనవేలు రాశాడు. "ఏం పాలిష్ గిది?"

"పాత పద్ధతి" అన్నాడు లేతు అన్న, మళ్లీ నమలడం మొదలుపెడుతూ. "మార్కెట్ల దొరకది. ఏండ్లు పడ్తది."

నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. సేటు నేను అసూయతో ఏడుస్తున్నాననుకుని ఉంటాడు. "గీ ఎరుపు నచ్చింది. అన్నిటికి గిదే రావాలె" అన్నాడు. తర్వాత కూజాను తలకిందులు చేసి, మూతిలో వేలు పెట్టి చూశాడు. అతని ముఖం మారింది.

"లోపల బోలుందేంది?"

"ఫ్లవర్ వాజు గద సేటు" అన్నాడు లేతు అన్న గర్వంగా.

"బోలు వద్దు. బోలుంటె ఉమ్ముతరు." సేటు లేచి దారి పక్కనున్న ఫైబర్ కూజాలోంచి ప్లాస్టిక్ పూల గుత్తిని పీకాడు. "రా అక్కా, చూడు."

చూడకుండా ఉండాల్సింది. లోపల నడుము దాకా ఎర్రటి నీళ్లలాంటిది. అందులో ఐస్‌క్రీం కప్పులు, నమిలి పడేసిన మాంసం బొక్కలు, వక్క ప్యాకెట్లు, ఎవరో పసిపిల్లకు వాడి మడిచి పడేసిన డైపరు. పైన ఈగలు. పట్టుచీరలు కట్టుకుని, గంధం పూసుకుని, ఫొటోలు దిగి, వెళ్తూ వెళ్తూ ఇందులో వేసి వెళ్లారన్నమాట.

"పెండ్లికొచ్చినోడు పెండ్లిపిల్లను చూడడు. ముందుగాల ఉమ్మనీకి జాగ చూస్తడు" అన్నాడు సేటు. "లోపల నిండుగుండాలె. పైన పూలు గుచ్చనీకి చిన్న చిన్న బెజ్జాలు చాలు."

నేను లేతు అన్న వైపు చూశాను. బోలు చేసుడే లేతు పని అన్న మనిషి. శంఖంలా ఊది చూపించిన మనిషి. కోపంతో కూజా ఎత్తుకుని వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లిపోతే నేనూ వెంట వెళ్లేదాన్నే.

"బరువైతది సేటు" అన్నాడతను.

"మంచిదే, ఎవడు ఎత్తుకపోడు."

"సరే. అయితది."

"సేటు, బోలు లేకుంటె గది ఫ్లవర్ వాజు ఎట్లైతది? మొద్దు గద" అన్నాను నేను. లేతు అన్న చెప్పు నా కాలి మీద పడింది. గట్టిగానే తొక్కాడు.

ధర మాత్రం నేనే మాట్లాడాను. అటు కొనేదాన్నన్న అనుమానం మోస్తూ, ఇటు అమ్మేవాడి పక్కన నిలబడి, బోలు లేనిదానికి బోలు ఉన్నంత ధర పలికించాను. నాకు చేతనైన పని అదొక్కటే. సేటు తన ఇష్టంతోనే ఒప్పుకున్నాననుకున్నాడు.

తిరుగు ఆటోలో లేతు అన్న ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు.

"బోలు లేకుంటె సగం పని తప్పింది చెల్లె. మంచం కోడుకు పొట్టొచ్చినట్టు తిప్పుడే. కండ్లు మూసుకుని చేస్త."

"మొన్న ఏమన్నవ్? జిల్లల ఇంకొకడు లేడన్నవ్."

"లేడు. ఇప్పుడు గూడ లేడు. మిషన్ ఉంటెనే గద గా మాట చెప్పుకునేది." తల బయటికి పెట్టి ఉమ్మాడు. గాలికి సగం నా కొంగు మీద పడింది. "నీకు మాట్లాడొచ్చు అన్నరు గని, గంత మంచిగ మాట్లాడ్తవనుకోలే. మూతి ఇరుకైంది అన్నప్పుడు నా పానం పోయింది. ఎంత తెలివి నీది."

అది తెలివి కాదని చెప్పలేదు. పొగడ్త ఊరికే వస్తుంటే వద్దనే అలవాటు మాకు లేదు. కొంగు కడుక్కుంటూ అనుకున్నాను. అతను గెలిచాడు, సేటు గెలిచాడు, ఆ హాలుకు వచ్చి ఉమ్మేవాళ్లు ఇంకో జాగా వెతుక్కుంటారు. రోత పుట్టింది నా ఒక్కదానికే.

తర్వాత నెలలో అటు వెళ్తే సందు చివరి నుంచే లేతు చప్పుడు వినిపించింది. గోడవారన పొట్ట ఉన్న మొద్దులు వరసగా నిలబడి ఉన్నాయి. ఎరుపు డబ్బాలో కొన్నదే, పెళ్లి బ్యాండువాళ్ల చొక్కాల రంగు. ఒకదాన్ని చేతిలోకి తీసుకోబోయి ఆగాను. వంక పెడితే కొనాల్సి వస్తుందేమోనని భయం. పాత సామానువాడు మళ్లీ వచ్చాడట. లేతు అన్న అతనికి చాయ్ పోసి, విరిగిన ఉలి ఒకటి ఇచ్చి పంపాడట.

అసలు కూజా ఒప్పందం ప్రకారం నాకే వచ్చింది. ఇంట్లో పెట్టడానికి మనసొప్పలేదు. దుకాణంలో గల్లా పక్కన పెట్టాను. పూలు పెట్టలేదు. అప్పుడప్పుడు మూతి మీద గాలి తగిలి సన్నగా ఊళ వేస్తుంది. చూసినవాళ్లంతా బాగుంది, బాగుంది అంటారు. చెప్పులు వేసుకుని వెళ్లిపోతారు.

మొన్న వేల్పూర్ నుంచి ఒక పటేలు సంచులకు వచ్చాడు. మా నాన్న నాటి మనిషి. మాట్లాడుతూ ఆకు తీశాడు, సున్నం రాశాడు, మడిచి బుగ్గన పెట్టుకున్నాడు. సున్నం వేలు గాల్లోకి లేచి కంబం కోసం వెతికింది.

"ఈడ కంబం ఉండాలె గద బిడ్డా?"

"మోరీల పనిల పోయింది పటేలా."

"అరే, మంచి కంబం" అంటూ చేతికి అందిన కూజా పొట్టకు ఆ వేలు తుడిచాడు. సరిగ్గా ఎర్ర రేకు మీద. తను ఏం చేశాడో చూసుకోలేదు కూడా. సంచుల ధర అడిగి, నేత పలచగా ఉందని వంక పెట్టాడు.

అతను వెళ్లాక కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. మర్నాడు ఇంకొకరు. ఆ తర్వాత ఒక హమాలీ. తిట్టి చూశాను, నవ్వారు. చివరికి శుభ్రమైన గుడ్డ ముక్క ఒకటి కోసి, మా నాన్న క్యాలెండరు మేకును గల్లా పక్కనే గోడకు కొట్టి, సున్నం వేళ్లు తుడుచుకోవడానికి దానికి తగిలించాను. అందరికీ చూపించాను, చెప్పాను కూడా.

గుడ్డ ఇప్పటికీ తెల్లగానే ఉంది.